తేదీలు కనబడని కంప్యూటర్లు

పోయిన వారం ఒకనాటి మధ్యాహ్నం, అన్నం తిని కాసేపు నడుం వాలుద్దామనుకుంటున్న వేళకు హైదరాబాదు నుంచి ఎవరో అమ్మాయి ఫోన్ చేసింది. నేను చాలా ఏళ్ళు పనిచేసి వదిలేసిన కంటి దవాఖాన ఉంది కదా, దాని ప్రధాన కార్యాలయంలో కంప్యూటర్ల విభాగంలో కొత్తగా చేరిందట. పాత మెయిల్ సర్వరును తీసేస్తున్నారట, ఉన్నవన్నీ ఒక్కొక్కటిగా చూసుకుంటూ వస్తుంటే సిద్దిపేట శాఖ మెయిల్ పెట్టెలకు మాత్రం ఎక్కడా లేని ఒక సెట్టింగు కనబడిందట, దాని పక్కన నా పేరు రాసి, అడగకుండా మార్చవద్దని ఉందట. ఎవరినో అడిగి నా నంబరు సంపాదించి, మేడమ్, ఇది ఇంకా ఎవరికైనా పనికొస్తుందా, తీసేయమంటారా అని మర్యాదగానే అడిగింది. తీసేయమ్మా, అది వాడేవాళ్ళు ఎవరూ లేరు అన్నాను. మంచిదని పెట్టేసింది. ఆ తర్వాత నాకు నిద్ర పట్టలేదు. మా ఆయన నాలుగింటికి లేచి చాయ్ పెట్టమని అడిగేదాకా అట్లాగే కూర్చుని ఉన్నాను.

ఆ సెట్టింగు గురించి చెప్పాలంటే ముందు ఆపా గురించి చెప్పాలి. ఆపా అంటే అక్క. దవాఖాన గుమ్మంలోకి అడుగుపెట్టగానే ఎదురుగా ఉండే బల్ల ఆవిడది. నాకంటే పద్నాలుగేళ్ళు పెద్ద. పాతబజారులో అత్తర్లు, టోపీలు అమ్మే దుకాణం వాళ్ళ కోడలు. భర్త పోయాక, అప్పట్లోనే పదోతరగతి పాసైంది కాబట్టి, దవాఖాన పెట్టిన మొదటి ఏడాదే ఆ బల్ల దగ్గర కూర్చుంది. నేను పెళ్ళి చేసుకుని సిద్దిపేట వచ్చి, ఒక చెప్పుల దుకాణం పైన ఉన్న శిక్షణ కేంద్రంలో కంప్యూటర్ నేర్చుకుని, ఆ దవాఖానలో కంప్యూటర్ల పనికి చేరేనాటికి ఆవిడ అక్కడ పాతుకుపోయిన మనిషి. రోగులు నన్ను కంప్యూటరమ్మ అనేవాళ్ళు. ఆవిడను మాత్రం పెద్దా చిన్నా, హిందువూ ముస్లిమూ అని లేకుండా అందరూ ఆపా అనే పిలిచేవాళ్ళు. నేనూ అంతే.

ఆవిడ దగ్గర ఆకుపచ్చ అట్ట వేసిన పెద్ద పుస్తకం ఒకటి ఉండేది. అందులో రోగి పేరు, ఊరు, ఏ కన్ను, ఏ తేదీ అన్నవి తెలుగులో గుండ్రంగా రాసేది. పక్కన అంచులో ఉర్దూలో చిన్నచిన్న అక్షరాలతో ఇంకేదో రాసుకునేది. అదేమిటని ఒకరోజు అడిగితే చదివి వినిపించింది. ఫలానా ఆయనకు ఇంట్లో ఫోను లేదు, ఊరి మొదట కిరాణా దుకాణంలో చెబితే చాలు. ఫలానా ఆవిడకు చెవుడు, కోడలికి చెప్పాలి. ఫలానా ఊరికి పొద్దున పోయే ఆటో ఎవరిది, సాయంత్రం బస్సు మీద వచ్చే కండక్టరు ఎవరు. ఇట్లా ఒక్కొక్క రోగి దగ్గరికి మాట ఏ దారిన పోవాలో అంతా ఆ అంచుల్లో ఉండేది. సెల్‌ఫోన్లు అప్పుడప్పుడే పెద్దవాళ్ళ చొక్కా జేబుల్లో కనబడుతున్న కాలం. చుట్టుపక్కల ఊళ్ళలో మనిషికి మాట అందాలంటే ఇంకో మనిషి మోసుకుపోవలసిందే.

మా దవాఖానలో ఆపరేషన్లు చేసే డాక్టర్లు హైదరాబాదు నుంచి వంతుల వారీగా వచ్చేవారు. ఎవరు ఏ రోజు సిద్దిపేట రావాలో అక్కడివాళ్ళు కంప్యూటర్లో క్యాలెండర్ పెట్టుకుని చూసుకునేవాళ్ళు. రోజు మారితే ఆ క్యాలెండర్లోనే మార్చి మీట నొక్కితే అందరికీ మెయిల్ వెళ్ళేది. వాళ్ళ కంప్యూటర్లు కొత్తవి, ఆ మెయిల్ తెరవగానే తేదీ, సమయం, డాక్టరు పేరు గళ్ళలో చక్కగా కనబడేవి. మాకు వచ్చినవేమో వాళ్ళు వాడి వదిలేసినవి. వాటిలో ఉన్న మెయిల్ సాఫ్ట్‌వేర్ పాపం ఉత్తరాలు చదవడం, రాయడం తప్ప ఇంకేమీ ఎరగనిది. హైదరాబాదు క్యాలెండర్ మా దగ్గరికి వచ్చేసరికి ఒక ఖాళీ ఉత్తరంలా, లోపల రెండు వరుసల పొడుగున నీలం రంగు ఇంగ్లీషు అక్షరాల లింకు ఒక్కటి పెట్టుకుని వచ్చేది. దాని మీద నొక్కితే ఏదో పేజీ తెరుచుకోవాలి. మన వయసువాళ్ళకు గుర్తుండే ఉంటుంది, ఫోను తీగకు డబ్బాలాంటిది తగిలించి నెట్టు కలిపితే కీచుమని అరిచి, గరగరలాడి, ఎప్పటికో కలిసేది. ఆ నెట్టు మీద ఆ పేజీ ఒక్కసారి కూడా పూర్తిగా తెరుచుకోలేదు. సగంలోనే తెగిపోయేది. నాలుగైదుసార్లు చూసి విసిగిపోయి, అట్లాంటి ఉత్తరం రాగానే చెరిపేయడం నాకు అలవాటైంది. డాక్టర్లు రోజు మార్చుకుంటే ఎట్లాగూ ఎవరో ఒకరు ఫోన్ చేస్తారు కదా అనుకునేదాన్ని. చాలాసార్లు చేసేవారు కూడా.

ఒకసారి చేయలేదు.

మార్గశిరం, చలి బాగా ముదిరిన రోజులు. ఆ గురువారం ఆపరేషన్లని ఆపా తొమ్మిది మందికి చెప్పి ఉంది. తెల్లవారి మొదటి బస్సులకే వచ్చేశారు. ఆపరేషన్ రోజు తలస్నానం చేసి రావాలని చెప్పేవాళ్ళం కాబట్టి ఆ చలిలో తడిజుట్టుతో, తుండుగుడ్డలు చుట్టుకుని, పక్కన తోడుమనిషి, చేతిలో టిఫిన్ డబ్బా, అట్లా వరుసగా బెంచీల మీద కూర్చున్నారు. తొమ్మిదైంది, పదైంది, పదకొండైంది. హైదరాబాదు బండి రాలేదు. మా పెద్ద డాక్టరుగారు ఫోన్ చేస్తే, ఈ వారం గురువారం లేదు, సోమవారం నాడే మార్చాము, మీకు క్యాలెండర్లో పంపాము కదా అన్నారు అవతలివాళ్ళు.

ఆ మాట వింటూనే నేను చెరిపేసే ఉత్తరాలు గుర్తొచ్చాయి. మెల్లగా లోపలికి పోయి, చెరిపేసిన ఉత్తరాలు పడి ఉండే చోట వెతికాను. ఉంది. సోమవారం పొద్దున వచ్చింది, వచ్చిన ఐదు నిమిషాల్లో నేనే చెరిపేశాను.

నేను బయటికి వచ్చేసరికి ఆపా బల్ల ముందు ఒక ముసలాయన నిలబడి అరుస్తున్నాడు. నంగునూరు పక్క ఊరి ఒగ్గు పూజారి. కొమురవెల్లి మల్లన్న దగ్గర భక్తుల పేరున పట్నాలు వేసే మనిషి. పట్నం అంటే మీకు తెలుసు కదా, పసుపు, కుంకుమ, బియ్యప్పిండి, ఎండిన ఆకుల పొడి వేళ్ళ సందుల్లోంచి జారవిడుస్తూ నేల మీద వేసే ముగ్గు. సంక్రాంతి నుంచి ఉగాది దాకా గుడి దగ్గర జనం ఇసుక వేస్తే రాలనట్టు ఉంటారు, ఆయన వంటివాళ్ళకు ఏడాదంతటికీ అవే పని రోజులు. రెండు కళ్ళకూ పొరలు కమ్మి, బియ్యప్పిండి కూడా పసుపులాగే కనబడుతుంటే, కిందటి ఏడాది పళ్ళాలు ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసి, ఇది పసుపు, ఇది పిండి అని తెలుసుకుంటూ గడిపాడట. ఈ సంగతి ఆపా నాకు ముందే చెప్పింది. పండుగ లోపల ఒక్క కన్నయినా బాగు చేయించాలని ఆవిడే పట్టుబట్టి ఆయన పేరు ముందుకు జరిపింది.

"ఏడాదికి మూణ్ణెల్లే తల్లీ నాకు పని! గీ చలిల నెత్తికి నీళ్ళు పోస్కొని వస్తిమి, ఇప్పుడు లేదంటవా? మేము మనుషులోలె కనవడ్తలేమా నీకు? పొర నా కండ్లకా, నీ కండ్లకా?" అని ఆయన అరుస్తుంటే, మిగతావాళ్ళు కూడా లేచి ఆ బల్ల చుట్టూ మూగారు.

ఆపా లేచి నిలబడింది. తల మీది కొంగు సర్దుకుంది. "తప్పు నాదే తాతా," అంది. "తారీఖు చూసుకునుడు నా పని. నేనే చూస్కోలే. నన్నే అను, ఎంత అంటవో అను."

నేను ఆవిడ వెనకే రెండడుగుల దూరంలో నిలబడి ఉన్నాను. నోరు తెరవలేదు. తర్వాత పెద్ద డాక్టరుగారు ఆపాను గదిలోకి పిలిచి, ఇన్నేళ్ళ అనుభవం ఉండి ఇదేమిటని మందలించారు. అప్పుడు కూడా నేను నోరు తెరవలేదు. ఆవిడ బయటికి వచ్చి, కుళాయి దగ్గర ముఖం కడుక్కుని, మళ్ళీ వచ్చి కూర్చుని, కళ్ళజోళ్ళ కోసం వచ్చినవాళ్ళ పేర్లు పిలవడం మొదలుపెట్టింది. ఉద్యోగం కొత్తది, పోతుందేమోనని భయపడ్డానని ఇప్పుడు సర్ది చెప్పుకోవచ్చు. కానీ భయం ఒక్కటే కాదు. తప్పు ఒకరు నెత్తిన వేసుకున్నారు కదా అని లోపల ఎక్కడో కాస్త తేలికపడ్డాను కూడా. అది గుర్తొస్తే ఇన్నేళ్ళ తర్వాత కూడా ఒళ్ళు ముడుచుకుపోతుంది.

మర్నాటి నుంచి నాకు ఒకటే ధ్యాస. ఆ క్యాలెండర్ మా కంప్యూటర్లలో కనబడాలి. హైదరాబాదులో సర్వరు చూసే అబ్బాయికి ఫోన్ చేశాను. నాకంటే నాలుగేళ్ళు చిన్న, నేను తమ్మీ అనేదాన్ని, తను అక్కా అనేవాడు. మీ కంప్యూటర్లు పాతవక్కా, వాటితో కాదు, కొత్తవి వచ్చేదాకా ఆగాలి అన్నాడు. ఎప్పుడు వస్తాయంటే నవ్వాడు. నేను వదల్లేదు. రోజుకు రెండుసార్లు ఫోన్ చేసేదాన్ని. సర్వరుతో వచ్చిన లావుపాటి పుస్తకం ఒకటి మా దగ్గర కూడా ఉండేది, ఎవరూ విప్పనిది. నిఘంటువు పక్కన పెట్టుకుని మధ్యాహ్నాలు కూర్చుని చదివాను. చదవగా చదవగా ఒకచోట దొరికింది. మామూలు మెయిల్ సాఫ్ట్‌వేర్ వచ్చి క్యాలెండర్ అడిగితే దాన్ని ఏ రూపంలో ఇవ్వాలో సర్వరుకు ముందే చెప్పి ఉంచవచ్చట. పేజీకి దారి చూపే లింకుగా ఇవ్వవచ్చు, లేదంటే ఎంత చిన్న సాఫ్ట్‌వేర్ అయినా చదువుకోగలిగే మామూలు అక్షరాల్లో ఇవ్వవచ్చు. మాకు మొదటిది పెట్టి ఉంది. రెండోదానికి మార్చాలి, అంతే!

అంతే అని నేను అనుకున్నాను. తమ్మీ ఒప్పుకోలేదు. సర్వరులో చెయ్యి పెడితే అన్ని శాఖల ఉత్తరాలూ ఆగిపోవచ్చు, ఎవరు బాధ్యత అన్నాడు. అప్పుడు పెద్ద డాక్టరుగారి దగ్గరికి పోయి, ఒక్కరోజు హైదరాబాదు పోయి రావడానికి సెలవిమ్మని అడిగాను. ఎందుకని అడిగారు. క్యాలెండర్ సంగతి చెప్పాను కానీ, చెరిపేసింది నేనేనని మాత్రం చెప్పలేదు. ఆయన కాసేపు నా ముఖం చూసి, పోయి రమ్మని ఒక ఉత్తరం రాసి ఇచ్చారు.

పాత బస్టాండులో ఎక్కి జూబ్లీ బస్టాండులో దిగి, ఆ ఆఫీసు వెతుక్కుంటూ పోయేసరికి పది దాటింది. సర్వరు గది నేను ఊహించుకున్నంత పెద్దది కాదు. మా ఇంట్లో వంటగదంత ఉంది. చలి మాత్రం మార్గశిరానికి మించి ఉంది. కొంగు భుజాల నిండా కప్పుకుని కూర్చున్నాను. తమ్మీ ఉన్ని స్వెట్టరు వేసుకుని ఉన్నాడు, ఎండాకాలం కూడా అదే వేసుకుంటాడట. ముందు మర్యాదగా చాయ్ తెప్పించి, ఈ పని ఎందుకు కుదరదో అరగంట చెప్పాడు. నేను విని, ఆ పట్నాలు వేసే తాత సంగతి చెప్పాను, వాసన చూసి పసుపేదో పిండేదో తెలుసుకోవడం గురించి చెప్పాను. అప్పుడు ఆ అబ్బాయి కుర్చీ ముందుకు జరుపుకుని, "సరే అక్కా, అందరికీ కాదు, మీ సిద్దిపేట పెట్టెలకు మాత్రం చేసి చూద్దాం. ఏమన్న అయితే వెంటనే ఎనకకు తిప్పుతా," అన్నాడు.

పని మొదలైంది. ఒక్కొక్క పెట్టె పేరు నేను చదవడం, తను మార్చడం. ఇన్‌బాక్స్ కింద క్యాలెండర్ అనే ఇంకో అర మా మామూలు సాఫ్ట్‌వేర్‌కు కనబడేటట్టు చేశాడు. తర్వాత ఒక మూల పడి ఉన్న పాత కంప్యూటర్ మీది దుమ్ము తుడిచి, అందులో మా సాఫ్ట్‌వేర్ పెట్టి చూశాం. మొదటిసారి ఏమీ రాలేదు. రెండోసారి క్యాలెండర్ అర కనబడింది, లోపల ఏమీ లేదు. అన్నానికి కూడా లేవకుండా కూర్చున్నాం. మూడోసారి నొక్కేసరికి ఆ అరలో ఒక వరుస వచ్చి నిలబడింది. డాక్టరు పేరు, సిద్దిపేట, తేదీ. ఇద్దరం ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాం. నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి, తమ్మీ చూడకుండా తుడుచుకున్నాను. మళ్ళీ ఎవరైనా తీసేస్తారేమోనని పక్కన నా పేరు రాయమని నేనే అడిగాను. తను నవ్వుతూ రాసి, అడగకుండా మార్చవద్దని కూడా చేర్చాడు.

మర్నాడు దవాఖానలో ఆపాను పిలిచి గొప్పగా చూపించాను. ఆవిడ కళ్ళజోడు పెట్టుకుని, దగ్గరికి వంగి, వేలు పెట్టి చదివి, ఫక్కున నవ్వింది. "అరె, తెల్లారంగ మూడున్నరకా ఆపరేషన్లు? ఇది సహ్రీ టైము బేటీ! డాక్టరు సాబు రోజా ఉంటడా ఏంది?"

రంజాను ఉపవాసం, అదే రోజా, ఉండేవాళ్ళు తెల్లవారకముందే తినే వేళను సహ్రీ అంటారు. చూస్తే నిజమే. తొమ్మిది గంటలని ఉండవలసిన చోట మూడున్నర అని ఉంది. సర్వరు తన లెక్క ప్రకారం ఎక్కడో లండన్ పక్కనున్న గడియారాన్ని పట్టుకుని చెబుతోంది, మన గడియారం దానికంటే ఐదున్నర గంటలు ముందుంటుందని మా సాఫ్ట్‌వేర్‌కు ఎవరూ చెప్పలేదు. అది సరిచేసేసరికి మళ్ళీ రెండు రోజులు పట్టింది. ఆ రెండు రోజులూ ఆపా దవాఖానలో ప్రతి ఒక్కరికీ మూడున్నర ఆపరేషన్ గురించి చెప్పి నవ్వించింది. తర్వాత అన్నీ సరైన సమయాలే చూపించాయి. రోజూ పొద్దున వచ్చి, తలుపు దగ్గర చెప్పులు విడిచి, ముందు నా కంప్యూటర్ దగ్గరికి వచ్చి క్యాలెండర్ చూసుకుని, తన పుస్తకంలో రాసుకుని, అప్పుడు పోయి తన కుర్చీలో కూర్చునేది.

పూజారి తాతకు, ఆనాటి మిగతా ఎనిమిది మందికీ మళ్ళీ తేదీ ఇచ్చాం. శుక్రవారం. దాని తర్వాత సంక్రాంతి లోపల ఇంకో తేదీ లేదు. సోమవారం పొద్దున కంప్యూటర్ తెరిచేసరికి ఆ శుక్రవారం వరుస అక్కడ లేదు. మంగళవారం మీదికి పోయింది. అంటే రేపే! ఆపా ఇటు చూసి, నా చేతి మీద చెయ్యి వేసి, పుస్తకం తీసుకుని బయటికి నడిచింది. ఆ రోజు ఆవిడ చేసిన పని నేను కిటికీలోంచి చూస్తూ ఉన్నాను. ఆటో అడ్డా దగ్గర ఇద్దరితో మాట్లాడింది. నంగునూరు బస్సు కండక్టరుకు చీటీ ఇచ్చింది. కొత్తిమీర అమ్ముకుని తిరిగి ఊరికి పోయే ఆవిడను ఆపి, చేతులు తిప్పుతూ రెండుసార్లు చెప్పింది. మధ్యాహ్నానికల్లా ఎనిమిది మందికి మాట అందినట్టు తిరుగు కబుర్లు వచ్చాయి. తాత దగ్గరి నుంచి మాత్రం రాలేదు. ఆయన ఇంట్లో లేడట, ఎక్కడికి పోయాడో పక్కింటివాళ్ళకు తెలియదట.

మంగళవారం పొద్దున డాక్టరు బండి సరిగ్గా తొమ్మిదికి వచ్చింది. వచ్చిన ఎనిమిది మంది ఒక్కొక్కరే లోపలికి పోసాగారు. నంగునూరు బస్సు వచ్చింది, తాత దిగలేదు. రెండో బస్సు వచ్చింది, దిగలేదు. ఆపా గుమ్మంలో నిలబడి ఉంది. పేర్లు పిలవడానికి నన్ను కూర్చోబెట్టింది. పదకొండున్నరకు చివరి మనిషిని కూడా లోపలికి తీసుకుపోతుంటే, డాక్టరుగారిని ఇంకో అరగంట ఆగమని అడగడానికి ఆపా లోపలికి పోబోయింది. అప్పుడు వచ్చింది ఒక మోటారు సైకిలు, నంగునూరు దిక్కు నుంచి కాదు, ఇంకో దిక్కు నుంచి. వెనక తాత, తల నుంచి నీళ్ళు కారుతున్నాయి. చింతమడకలో బిడ్డ ఇంటికి పోయాడట. ఆపా మాట చెప్పిన ఆటో మనిషి ఊళ్ళో అడిగి తెలుసుకుని, చింతమడక పోయే ఇంకో ఆటోకు చెప్పాడట, ఆ ఆటో ఆయన అక్కడి చాయ్ హోటల్లో చెప్పాడట, హోటలాయన పొద్దున పాలు పోసే మనిషితో చెప్పి పంపాడట. ఆ మాట అందేసరికి తాత స్నానం చేస్తున్నాడు. అట్లాగే అల్లుడి బండి ఎక్కాడు.

కుడి కన్నుకు ఆపరేషన్ అయింది.

ఆ మధ్యాహ్నం అన్నం డబ్బాలు విప్పుకుని కూర్చున్నప్పుడు ఇక ఉండబట్టలేక ఆపాకు చెప్పేశాను. ఆనాటి ఉత్తరం వచ్చిందనీ, నేనే చెరిపేశాననీ. చెబితే నా బరువు దిగుతుందనుకున్నాను. ఆవిడ తింటున్న ముద్ద డబ్బాలోనే పెట్టి, మూత పెట్టి, లేచి వెళ్ళిపోయింది. మూడు రోజులు నాతో పని మాటలు తప్ప మాట్లాడలేదు. పొద్దున వచ్చి క్యాలెండర్ చూసుకునేది, రాసుకునేది, పోయేది. నాలుగో రోజు మధ్యాహ్నం తనే వచ్చి నా పక్కన కుర్చీ లాక్కుని కూర్చుంది.

"తప్పు చేసినవని కాదే నాకు కోపం. తప్పులు నేను ఎన్ని చేయలే? ఆ తాత ముంగట నేను తల వంచుకుంటే, నువ్వు నా ఎన్క నిలవడి చూసుకుంట ఉన్నవు. గప్పుడు వచ్చి నా పక్కకు నిలవడి ఉంటే నాకెంత బలముంటుండె! నన్ను ఒక్కదాన్ని చేసినవు బిడ్డా." కుర్చీలోంచి లేస్తూ, "నాకు చెప్పినవ్, సరే. ఆయనకు కూడా చెప్పాలె నువ్వు," అంది.

కళ్ళలో పొడి పడకూడదని డాక్టరుగారు తాతను నెలన్నర పట్నాల జోలికి పోవద్దన్నారు. ఆ గడువు అయిపోయాక, మాఘం చివర ఒక ఆదివారం, ఆయన కబురు పంపితే ఆపా, నేను కొమురవెల్లి పోయాం. గుడి దగ్గర ఎటు చూసినా పసుపు. డోలు చప్పుడులో ఒకరి మాట ఒకరికి వినబడటం లేదు. తాత ఒక పక్కన, ఎవరో భక్తుల పేరున, నేల మీద వంగి పట్నం వేస్తున్నాడు. తెల్లటి గీత పక్కన పచ్చటి గీత, దాని పక్కన ఎర్రది, వెంట్రుకవాసి తేడా లేకుండా వేళ్ళలోంచి జారుతూ పోతోంది. ఒక రంగు నుంచి ఇంకో రంగుకు మారేటప్పుడల్లా పళ్ళెం ఎత్తి ముక్కు దగ్గరికి తీసుకుపోయి, అంతలోనే తనకు తనే నవ్వుకుని దించేవాడు. ఆపా అది చూసి మూతికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. ఆ నవ్వు ఇప్పటికీ నా కళ్ళ ముందు ఉంది.

పని అయ్యాక ఆయన మా దగ్గరికి వచ్చాడు. నేను చెప్పాను. డోలు చప్పుడులో మొదటిసారి వినబడలేదు, మళ్ళీ చెప్పవలసి వచ్చింది. రెండోసారి చెప్పడం మొదటిసారి కంటే కష్టమైంది. ఆయన ఆపా వైపు తిరిగాడు. "అయితే ఆ దినం నిన్ను ఉత్తగనే తిట్టిన్నా అమ్మా? మాట పడుకుంట ఎందుకు నిలవడ్డవు?"

"ఎవలో ఒకలు పడాలె కద తాతా," అంది ఆపా. "అంత చలిల వస్తిరి."

ఆయన నడుముకున్న సంచిలోంచి మల్లన్న బండారి, అదే ఆ దేవుడి పసుపు, చిటికెడు తీసి నా నుదుట పెట్టాడు. ఆపా వైపు చెయ్యి చాచి, మధ్యలో ఆగిపోయాడు. పెట్టవచ్చో పెట్టకూడదో తెలియక ఆ చెయ్యి అట్లాగే నిలిచిపోయింది. ఆపా రెండు అరచేతులూ జోడించి ముందుకు చాచింది. ఆయన ఆ చేతుల్లో బండారి పోశాడు. ఆవిడ దాన్ని రుమాలులో మూటగట్టుకుని, తిరిగి వచ్చేటప్పుడు బస్సులో దారి పొడుగునా ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. నేను ఆవిడ భుజం మీద తల వాల్చాను.

ఆ తర్వాత చాలా ఏళ్ళు బాగానే నడిచింది. సిద్దిపేట జిల్లా అయింది, రోడ్లు వెడల్పయ్యాయి, మా దవాఖానకు కొత్త కంప్యూటర్లు వచ్చాయి. ఆ తర్వాత తేదీలు నేరుగా రోగుల ఫోన్లకే పోవడం మొదలైంది. ఆ పని కూడా హైదరాబాదు వాళ్ళతో పాటు కూర్చుని మొదట కుదిర్చింది నేనే. ఎవరినీ పంపించి చెప్పించవలసిన అవసరం లేకుండా పోయింది. ఒకరోజు గుమ్మం ఎదురుగా ఉన్న ఆ బల్ల తీసేసి, వేలు పెట్టి నొక్కితే చీటీ ఇచ్చే యంత్రం పెట్టారు. ఆపాను మందుల గదిలో కూర్చోబెట్టారు. అక్కడ ఆవిడ ఏడాది కూడా ఉండలేదు. కొడుకు దగ్గరికి నిజామాబాదు పోతానంది. పోయేరోజు ఆకుపచ్చ అట్టల పుస్తకాలు ఎవరికీ అక్కర్లేక చెత్త కాగితాల్లో వేస్తుంటే, ఒక్కటి అడిగి తీసుకుపోయింది. ఆ అంచుల్లో ఉర్దూలో రాసుకున్నది చదవగలిగినవాళ్ళు కూడా అప్పటికి దవాఖానలో ఎవరూ మిగలలేదు.

మొదట్లో పండుగలకు ఫోన్లు చేసుకునేవాళ్ళం. రంజానుకు నేను, దసరాకు ఆవిడ. తర్వాత నా ఫోను మారింది, ఆవిడ నంబరు మారింది, చేద్దాం చేద్దాం అనుకుంటూ ఏళ్ళు గడిచిపోయాయి. రెండేళ్ళ కిందట సుభాష్ రోడ్డులో బట్టల దుకాణంలో ఆవిడ చుట్టాలమ్మాయి ఒకతె కనబడి, ఆపా పోయిందని, నలభయ్యో రోజు చేసే ఫాతిహా ప్రార్థన కూడా అయిపోయిందని చెప్పింది. మీకు తెలియదా ఆంటీ, గ్రూపులో పెట్టినం కదా అంది. నేను ఆ గ్రూపులో లేను. చేతిలో ఉన్న చీర అక్కడే వదిలి బయటికి వచ్చేశాను.

ఇప్పుడు నా ఫోన్లో అన్నీ ఉన్నాయి. కరెంటు ఎప్పుడు పోతుందో, మందు ఎప్పుడు వేసుకోవాలో, ఎవరి పుట్టినరోజు ఎప్పుడో అన్నీ గంట కొట్టి మరీ చెబుతుంది. ఇదంతా సుఖం కాదని నేను అనను. ఆ సుఖం కోసం నేను కూడా నా చేతనైనంత పని చేశాను. కానీ ఒక మాట చింతమడక చేరడానికి రెండు ఆటోలు, ఒక చాయ్ హోటలు, పాలు పోసే ఒక మనిషి కావలసిన రోజుల్లోనే ఆపా పోయి ఉంటే, నిజామాబాదు నుంచి సిద్దిపేట దాకా ఎన్ని చేతులు మారి అయినా సరే, ఆ కబురు మా ఇంటి ముందుకు వచ్చేది. ఎవరో ఒకాయన బండి ఆపి, దిగి, తలుపు తట్టి, నేను బయటికి వచ్చేదాకా నిలబడి, నా ముఖం చూసి చెప్పి ఉండేవాడు.